ఎడారి ఊళ్లో దోమలు: ముందు మీ ఇంట్లో నీళ్లెక్కడున్నాయో చూడండి

ఎడారి ఊళ్లో ఇల్లు తీసుకునేవాళ్లు ఎండకీ, దుమ్ముకీ సిద్ధపడే వస్తారు. దోమల సంగతి మాత్రం ఎవరికీ తట్టదు. ఏడాదికి నాలుగు వానలు కూడా సరిగ్గా పడని చోట దోమలేమిటి అనుకుంటారు. అమెరికాలో ఫీనిక్స్ నగరం ఉన్న మారికోపా కౌంటీ అచ్చమైన ఎడారి ప్రాంతం. 2021లో అక్కడ దాదాపు 1,500 మందికి వెస్ట్ నైల్ వైరస్ సోకినట్టు తేలింది, వందమంది దాకా చనిపోయారు. ఆ వైరస్‌ని అంటించేవి క్యూలెక్స్ అనే రకం దోమలు.

నేనుండేదీ ఎడారి ఊరే. ఇక్కడ చుట్టుపక్కల చెరువు లేదు, వరిపొలం లేదు. మరి దోమ గుడ్లు పెట్టడానికి నీళ్లెక్కడివి? మనం పోసినవే. కూలర్లో పోశాం, కుండీల్లో పోశాం, ట్యాంకులో నింపాం, మిగతాది ఏసీ కార్చింది. ఊరంతా పొడిగా ఉంటే మన ఇల్లొక్కటే తడిగా ఉంది, దోమ ఇంకెక్కడికి పోతుంది? అయితే తడి ప్రాంతాల్లో ఉండేవాళ్లకి లేని వెసులుబాటు కూడా ఇదే. వాళ్లు ఊరి చుట్టూ ఉన్న మడుగులన్నీ ఎండబెట్టలేరు. మన ఇంట్లో నీళ్లున్న చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ లెక్క సరిగ్గా ఉంచుకుంటే స్ప్రేలు, కాయిల్స్ పని చాలావరకు తప్పుతుంది.

ముందు కుట్టేది ఏ దోమో కాస్త గమనించండి. పగటిపూట, ముఖ్యంగా పొద్దున్నే, మళ్లీ పొద్దుగూకే ముందు, కుర్చీ కింద నుంచి చీలమండల దగ్గర కుడుతుంటే అది ఏడిస్. నల్లటి ఒంటి మీద, కాళ్ల మీద తెల్ల చారలుంటాయి. డెంగీ, చికున్‌గున్యా దీని వల్లే వస్తాయి. ఇది ఎక్కువ దూరం ఎగరదు, సాధారణంగా పుట్టిన చోటికి వంద, రెండువందల మీటర్ల లోపే తిరుగుతుంది. అంటే ఏడిస్ కుడుతోందంటే అది మీ ఇంట్లోనో, పక్కింట్లోనో పుట్టినట్టే. రాత్రి పడుకున్నాక చెవి దగ్గర పాడేది చాలాసార్లు క్యూలెక్స్. గోధుమరంగులో ఉంటుంది, మురుగునీళ్లలో పెరుగుతుంది, కిలోమీటరు అవతల నుంచైనా రాగలదు. దానికి ఇంటి లెక్క ఒక్కటీ చాలదు, తలుపులూ కిటికీలూ చూసుకోవాలి. మూడోది అనాఫిలిస్ స్టీఫెన్సీ. ఇది మలేరియా దోమ, కానీ పొలాల్లో కాకుండా పట్నాల్లో మేడ మీది ట్యాంకుల్లో, సంపుల్లో, కట్టుబడి జరిగే చోట నిలవున్న నీళ్లలో పెరుగుతుంది. ఒకప్పుడు ఆసియాకే పరిమితమైన ఈ దోమ 2012లో ఆఫ్రికాలోని జిబూటీలో బయటపడింది, అక్కడి నుంచి పక్క దేశాలకూ పాకింది. అక్కడి ఎండలు దానికి అడ్డం కాలేదు.

ఈ మూడింటికీ ఒక విషయం మాత్రం ఒకటే. వేడి రోజుల్లో గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే ఇంట్లో నీళ్లున్న చోట్లన్నీ చూసుకోవడానికి వారానికి ఒకరోజు ఖాయం చేసుకోమంటున్నాను. ఆ రోజు తప్పకపోతే నీళ్లలో ఉన్నది నీళ్లలోనే ఆగిపోతుంది. మా ఇంట్లో సెలవు రోజు పొద్దున, కాఫీ అయ్యాక, ఒక టార్చి, గట్టి కుచ్చు బ్రష్షు, ఒక బకెట్ పట్టుకుని బయల్దేరతాను. "సొంతింట్లో దొంగలా ఏమిటా తిరగడం" అంటుంది మా ఆవిడ. నిజమే, టార్చి లేకుండా ఈ పని కాదు. ఇంట్లో దోమ గుడ్లు పెట్టే చోట్లు చాలావరకు నీడలోనే ఉంటాయి. నడి ఎండలో పళ్లెంలో ఉన్న నీళ్లు కాగిపోతాయి, లేదా సాయంత్రానికి ఆవిరైపోతాయి. వాటి గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు. చీకటి మూలల్లోకి చూడండి.

కూలర్ దగ్గర

ఎడారి ఇళ్లలో దోమల పుట్టిల్లు కూలరే. నీడ, చల్లదనం, తేమ, లోపల చీకటి, అడుగున నీళ్లు. ఇంకేం కావాలి దానికి? కూలర్ తిరుగుతున్నన్నాళ్లూ నీళ్లు కదులుతూ ఉంటాయి కాబట్టి కొంత నయం. నాలుగు రోజులు చల్లబడిందని ఆపేసి, అడుగున నీళ్లు అలాగే వదిలేసినప్పుడే అసలు చిక్కు.

ముందు స్విచ్ ఆపి, ప్లగ్ కూడా పీకెయ్యండి. తడి చేత్తో కూలర్ ముట్టుకుని షాక్ తిన్నవాళ్లు తక్కువేం కాదు. పక్క తలుపు ఊడదీసి టార్చి నీళ్ల మీదికి ఏటవాలుగా పట్టండి. మొదట ఏమీ కనిపించకపోవచ్చు. మీ నీడ పడగానే లార్వాలన్నీ, అంటే గుడ్లలోంచి వచ్చిన పిల్లపురుగులన్నీ, అడుగుకి దిగిపోతాయి. కదలకుండా ఒక నిమిషం ఆగండి. గాలి పీల్చుకోవడానికి అవి మళ్లీ పైకి రాకతప్పదు. సన్నటి దారపు ముక్కల్లా మెలికలు తిరుగుతూ వచ్చి, తల కిందికి వేలాడేసి, తోక కొసని నీటి పైపొరకి ఆనిస్తే అది ఏడిసో, క్యూలెక్సో. నీటి మీద అడ్డంగా, సమాంతరంగా పడుకున్నట్టు ఉంటే అనాఫిలిస్. వీటి మధ్య కామా గుర్తులా వంకర తిరిగి, తల లావుగా ఉన్నవి కనిపిస్తే అవి ప్యూపాలు, అంటే లార్వాకీ రెక్కల దోమకీ మధ్య దశ. రెండు రోజుల్లో ఎగిరిపోయే సరుకు. అవి ఉంటే ఇక సాయంత్రం చూద్దాంలే అనుకోకండి.

అడుగున ఉన్న బిరడా తీసి నీళ్లు వదిలేయండి. ఆ నీళ్లు మురుగు జాలీలోకి పోనివ్వకుండా పెరట్లో పొడి నేల మీదికో, చెట్టు మొదట్లోకో పోయండి. ఇసుక నేల చటుక్కున పీల్చేస్తుంది, లార్వాలు పైనే ఎండి చస్తాయి. జాలీలో పోస్తే కింద నిలవున్న నీళ్లలో బతికిపోవచ్చు. ఎడారిలో ఉంటూ నీళ్లు పారబోయడానికి మనసొప్పదు, అందుకని చెట్లకే పోస్తాను. అయితే కూలర్ అడుగున మిగిలే నీళ్లలో ఉప్పు పేరుకుని ఉంటుంది. పెద్ద చెట్లు తట్టుకుంటాయి, కుండీల్లో సుకుమారం మొక్కలకి వద్దు.

చాలామంది పని ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. నీళ్లు మార్చాం కదా అంటారు. నిజానికి సగం పని ఇప్పుడే మొదలవుతుంది. ఏడిస్ తన గుడ్లని నీళ్లలో వదలదు. నీటి అంచుకి కాస్త పైన, తడిగా ఉన్న గోడకి ఒక్కొక్కటిగా అంటిస్తుంది. దగ్గరగా చూస్తే మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు కనిపిస్తాయి, ఒక్కొక్కటి మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ గుడ్లు ఎండిపోయినా చావవు. నెలల తరబడి అలాగే అతుక్కుని ఉండి, మీరు వచ్చే వేసవిలో కూలర్ నింపగానే పొదుగుతాయి. అందుకే సీజన్ మొదలైన వారంలోనే దోమలు ఎగబడతాయి. అవి ఎక్కడి నుంచో వచ్చినవి కావు, పోయినేడు మన కూలర్ గోడకి అంటించినవే.

కాబట్టి తోమాలి. మన ఊళ్లలో నీళ్లు ఉప్పునీళ్లు. కూలర్ గోడల మీద తెల్లటి పొర కడుతుంది. ఆ గరుకు పొరే గుడ్లకి మంచి పట్టు. ముందు పాత గరిటెతోనో, ప్లాస్టిక్ చెక్కతోనో ఆ తెల్లపొరని గీకేసి, మొండిగా ఉన్నచోట వెనిగర్ రాసి కాసేపు వదిలేసి, తర్వాత సబ్బునీళ్లతో, గట్టి బ్రష్షుతో నాలుగు గోడలూ తోమండి. పంపు కింది భాగం, పైపు మలుపు, ఫ్లోట్ వెనక పక్క మరిచిపోకండి. రాలిన గీకుడు ఎండలో పడేయండి, మళ్లీ నీళ్లలో కలవనివ్వకండి. వీలైతే పూట మొత్తం ఎండనివ్వండి, తర్వాతే నింపండి. కూలర్ గడ్డి నల్లబడి బూజు వాసన వేస్తుంటే మార్చేయడమే మేలు.

సీజన్ అయ్యాక కూలర్ పూర్తిగా ఖాళీ చేసి, తోమి, ఆరబెట్టి, కప్పెయ్యాలి. కప్పిన పట్టా మడతల్లో వాననీళ్లు నిలవకుండా ఏటవాలుగా కట్టండి. లేకపోతే దోమని లోపల్నుంచి తరిమేసి పైన మంచం వేసినట్టవుతుంది.

మిగతా ఇల్లు

కూలర్ అయ్యాక మిగతావి త్వరగానే అవుతాయి. ఏసీ నీళ్ల పైపు ఎక్కడ కారుతోందో చూడండి. గోడ వారన ఎప్పుడూ ఆరని ఒక మడుగు ఉందంటే పైపుని చెట్టు మొదలుదాకా పొడిగించండి. కింద బకెట్ పెట్టి ఆ నీళ్లు వాడుకునేవాళ్లు బకెట్‌ని రోజూ వంచెయ్యాలి, లేదా మీద పలచటి గుడ్డ బిగించి కట్టాలి. కుండీల కింది పళ్లేల్లో ముతక ఇసుక నింపేయండి, నీళ్లు ఇసుకలో ఇంకి ఉంటాయి, దోమకి అందవు. ఇసుకకి మన దగ్గర కొదవేం లేదు కదా. సీసాలో పెట్టిన మనీప్లాంట్ చూడటానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ వారం వారం వేళ్లు కడిగి, సీసా లోపల బ్రష్షుతో తోమకపోతే దాన్ని మట్టిలో నాటుకోవడం మంచిది. పిట్టలకి, కుక్కకి పెట్టే నీళ్లు ఎలాగూ రోజూ మారుస్తారు. గిన్నె అంచు కూడా ఒకసారి రుద్దండి. ఫ్రిజ్ వెనక నీళ్లు పట్టే చిన్న ట్రే ఉంటుంది, అసలు ఉందనే చాలామందికి తెలియదు, అదీ చూడండి.

డ్రిప్ పైపులు ఉన్నవాళ్లు నేలలో పాతిన వాల్వ్ పెట్టె మూత ఒకసారి ఎత్తి చూడండి. పై నేల ఎర్రటి ఎండలో పొక్కులు తేలుతుంటే, ఆ పెట్టెలో అడుగున చల్లటి నీళ్లు, చుట్టూ చీకటి. వాల్వ్ కారుతోందన్నమాట. మరమ్మతు చేయించుకుంటే దోమలూ తగ్గుతాయి, నీళ్ల బిల్లూ తగ్గుతుంది.

మేడ మీది ట్యాంకుకి మూత ఉంటే చాలదు, బిగుతుగా పట్టాలి. ఎండకి ప్లాస్టిక్ మూతలు వంగిపోయి ఒక పక్క లేస్తాయి. ఓవర్‌ఫ్లో పైపుకీ, గాలి గొట్టానికీ సన్నటి జాలీ గుడ్డ తీగతో కట్టండి. సెప్టిక్ ట్యాంకు గొట్టానికి కూడా అంతే, క్యూలెక్స్ గుంపులుగా వచ్చేది అక్కడి నుంచే. వాడని బాత్రూంలో వారానికోసారి ఫ్లష్ లాగండి, నేల జాలీ మీద మూత పెట్టండి.

పారబోయలేని నీళ్లుంటాయి. తామరతొట్టి, చిన్న కొలను, పూల్. పూల్‌లో క్లోరిన్ వేసి పంపు నడుపుతుంటే దోమ దాని జోలికి రాదు. పంపు చెడి నీళ్లు పచ్చబడితే మాత్రం వీధి మొత్తానికి సరిపడా దోమలు పుడతాయి. తామరతొట్టిలో గప్పీ చేపలు వదిలితే లార్వాలని ఏరుకుతింటాయి, కాకపోతే వాటిని బయట కాలువల్లో, మడుగుల్లో వదలకండి, అక్కడి చేపలకి చేటు. చేపలు వద్దనుకుంటే బీటీఐ బిళ్లలు ఉన్నాయి. ఇది ఒక బాక్టీరియా. లార్వా దాన్ని తినగానే దాని పేగు దెబ్బతిని చచ్చిపోతుంది. మనుషులకీ, పెంపుడు జంతువులకీ, చేపలకీ హాని లేదు. ఈ బాక్టీరియా మొదట దొరికింది కూడా ఎడారిలోనే, 1976లో ఇజ్రాయెల్లోని నెగెవ్ ఎడారిలో ఒక మడుగులో. మన ఇరుగుపొరుగు సరుకే అనుకోండి. ఒక్క ఇబ్బంది ఏమిటంటే ప్యూపాలు ఏమీ తినవు, కాబట్టి వాటి మీద ఇది పనిచేయదు. కామాలు కనిపిస్తే వలతో తీసెయ్యాల్సిందే. ఎంత నీటికి ఎన్ని బిళ్లలో, ఎన్నాళ్లకి మళ్లీ వెయ్యాలో డబ్బా మీద చదివి వేయండి, తాగేనీళ్ల ట్యాంకులో వేయొచ్చని రాసి ఉంటే తప్ప అందులో వేయకండి.

వాన పడితే ఈ లెక్కలన్నీ తారుమారు. ఎడారిలో వాన పడిందంటే పండగే, అందరం బయటికొచ్చి తడుస్తాం. నెలల తరబడి ఎండి ఉన్న గుడ్లకి కూడా అదే పండగ. అన్నీ ఒకేసారి పొదుగుతాయి. అందుకని వాన వెలిసిన మర్నాడే పెరడంతా ఒక చుట్టు తిరగండి. పాత టైర్లు, పిల్లల ఆటబొమ్మలు, పట్టా మడతలు, బోర్లించని బకెట్లు, విరిగిన కుండీ పెంకులు చూడండి. సీసా మూతలో పట్టే నీళ్లు కూడా ఏడిస్‌కి చాలు. సెలవు రోజు దాకా ఆగకండి.

ఎగిరే దోమలు

రెక్కలొచ్చిన దోమకి ఎడారి మధ్యాహ్నం గండమే. పొడిగాలికి ఒళ్లెండిపోతుంది, అందుకే తేమ ఉన్న నీడ వెతుక్కుంటుంది. సింకు కింద అలమర, బాత్రూం తలుపు వెనక, తగిలించిన బట్టల మడతలు, మంచం కింద, కూలర్ వెనక, గుబురు పొదల మొదళ్లు. దోమల బ్యాట్ పట్టుకుని మధ్యాహ్నం పూట ఈ చోట్లే వెతకండి. సాయంత్రం గది మధ్యలో గాల్లో ఊపేకన్నా నాలుగింతలు దొరుకుతాయి. పొదల అడుగు కొమ్మలు కత్తిరించి గాలాడేలా చేయండి. నేను మొక్కలకి నీళ్లు పొద్దున్నే పెడతాను, సాయంత్రం పెడితే దోమ తిరిగే వేళకి నేలంతా తడిగా ఉంటుంది.

కిటికీ జాలీల విషయంలో మన ఊళ్లకి రెండు ప్రత్యేకమైన తలనొప్పులున్నాయి. ఒకటి, కూలర్ బాగా పనిచేయాలంటే ఎదుటి కిటికీ తెరిచే ఉంచాలి, లేకపోతే గది ఉక్కపోస్తుంది. కాబట్టి జాలీ మొదట పడాల్సింది ఆ కిటికీకే. కూలర్ పెట్టిన కిటికీ చుట్టూ అట్టముక్కలు దోపిన సందులు కూడా ఫోమ్‌తో మూసేయండి. రెండోది దుమ్ము. ఇసుక గాలి రెండుసార్లు వీచిందంటే జాలీ కళ్లన్నీ మూసుకుపోతాయి, గాలి రావట్లేదని విసుగొచ్చి జాలీనే తీసి పక్కన పడేస్తారు. పడేయకండి, పొడి బ్రష్షుతో దులిపి తర్వాత తడిగుడ్డతో తుడవండి. ఎండకి పెళుసుబారే చవక నైలాన్ కన్నా ఫైబర్‌గ్లాస్ లేదా అల్యూమినియం జాలీ ఎక్కువకాలం వస్తుంది.

సాయంత్రం వాకిట్లో కూర్చోవాలంటే నేను నమ్మేది టేబుల్ ఫ్యాన్‌ని. దోమకి గాలికి ఎదురీదే శక్తి లేదు. ఫ్యాన్‌ని ముఖానికి కాకుండా కాళ్లకి తగిలేలా కింద పెట్టండి, ఏడిస్ వెతికేది అక్కడే. దోమలు కుట్టకుండా ఒంటికి రాసుకునేవాటిలో డీట్ అనే మందు 20 నుంచి 30 శాతం ఉన్నది, లేదా పికారిడిన్ 20 శాతం ఉన్నది కొనండి. సన్‌స్క్రీన్ ముందు, ఇది తర్వాత. చెమట పడితే మళ్లీ రాసుకోవాలి. రెండు నెలల లోపు పసిబిడ్డలకి ఏదీ రాయొద్దు, దోమతెరే కట్టండి. లెమన్ యూకలిప్టస్ నూనె ఉన్నవి మూడేళ్ల లోపు పిల్లలకి వద్దు.

అల్ట్రాసౌండ్ మెషిన్లు, చప్పుడుకి దోమలు పారిపోతాయని అమ్మేవి, కొనకండి. నీలం లైటు మెషిన్లో పడి చచ్చేవి ఎక్కువగా పాపం ఏ జోలికీ రాని పురుగులే. మూసిన గదిలో కాయిల్ వెలిగించడం ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే, ఆ పొగ మన ఊపిరితిత్తులకీ పోతుంది. వీధిలో ఫాగింగ్ బండి వస్తే మంచిదే, ఆ పూటకి ఎగిరే దోమలు తగ్గుతాయి. కూలర్లో ఉన్నవాటికి మాత్రం ఆ పొగతో పనిలేదు.

అన్నీ చేశాక కూడా పగలు కుడుతున్నాయంటే పక్కింటి వైపు చూడాల్సిందే. ఇది కాస్త మొహమాటం వ్యవహారం. "మీ ఇంట్లో దోమలు పెరుగుతున్నాయి" అంటే ఎవరికైనా కోపమొస్తుంది. నేనైతే నా కూలర్లో దొరికిన లార్వాలని గాజు గ్లాసులో పోసి తీసుకెళ్లి చూపిస్తాను. "అన్నయ్యా, మా కూలర్లో ఇవి దొరికాయి, మీది కూడా చూద్దామా" అంటే కాదనేవాళ్లు తక్కువ. మనుషుల్లేని ఇంట్లో పూల్ పచ్చబడి ఉంటే అది మన చేతిలో పని కాదు, ఊరి పారిశుధ్యం వాళ్లకి ఫిర్యాదు ఇవ్వండి.

ఇంట్లో ఎవరికైనా హఠాత్తుగా జ్వరం, కళ్ల వెనక నొప్పి, ఒళ్లునొప్పులు వస్తే ఎడారిలో డెంగీ ఏమిటి అనుకోకుండా డాక్టరుకి చూపించి పరీక్ష చేయించండి. డెంగీ కాదని తేలేదాకా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేసుకోవద్దు, రక్తస్రావం ప్రమాదం ఉంది. జ్వరానికి పారాసిటమాల్ వాడండి. మొదటి వారం రోగిని పగలు కూడా దోమతెరలోనే పడుకోబెట్టండి. ఆ రోజుల్లో రోగిని కుట్టిన దోమ ఇంట్లో మిగతావాళ్లకి అంటిస్తుంది.

వేసవిలో నెలరోజులు ఊరెళ్లేవాళ్లు తాళం వేసేముందు కూలర్ ఖాళీ చేసి తోమండి, కుండీ పళ్లేలు బోర్లించండి, టాయిలెట్ మూతలు వేయండి, ట్యాంకు మూత ఒకసారి నొక్కి చూడండి, డ్రిప్ వాల్వ్ కారడం లేదని చూసుకోండి. తాళంచెవి పక్కింట్లో ఇచ్చేటప్పుడు, వాన పడితే మర్నాడు మా పెరట్లో ఒకసారి చూడండి అని ఒక మాట చెప్పి వెళ్లండి.